జ్యూరిక్‌లో ఆ రెండు రోజులు

అజ్మాన్, గురువారం రాత్రి

మేం చేరిన యూరప్ టూర్ వాళ్ళు దుబాయ్ నుంచి మంగళవారం బయల్దేరుతున్నారు. మంగళవారం ప్రయాణం వద్దంటే వద్దని అత్తయ్య ఫోన్లో పట్టుబట్టారు. దాంతో మేం ఆదివారమే వెళ్ళిపోయి, జ్యూరిక్‌లో వాళ్ళని కలవాలి. అలా జెండా పట్టుకుని ముందు నడిచే గైడు లేకుండా మా ఇద్దరికే రెండు రోజులు చిక్కాయి.

వారం నుంచి ఆఫీసు బస్సులో కూర్చుని వాటికే ప్లాన్ వేస్తున్నాను. కొండ మీదికి రైలు, సరస్సులో పడవ, పాత బజారు. పెళ్ళయ్యాక మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్ళామా అసలు? సెలవు దొరికితే మా ఊరికే, ఊరెళ్తే ఎవరో ఒకరి పెళ్ళికే.

ఈయన ఇవాళ కూడా దుబాయ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని తొమ్మిదింటికి వచ్చారు. పెరుగన్నం తింటుంటే ఫోన్ ముందు పెట్టి, "చూడండి, మొదటి రోజు పొద్దున ఏడింటికే కొండ రైలు" అన్నాను. ఎడమచేత్తో జరుపుకుంటూ అంతా చూశారు.

"బావుంది. ఆ హోటల్ గదిలో కర్టెన్లు మందంగా ఉంటాయా?"

ఒళ్ళు మండింది. యూరప్ వెళ్ళేది నిద్రపోవడానికా అని అడగబోయాను. చూస్తే, చెయ్యి కంచంలోనే ఉంచి కునికిపాట్లు పడుతున్నారు. టూర్‌లో చేరాక రోజూ ఆరింటికే బస్సెక్కాలని అప్పుడు గుర్తొచ్చింది. నా కళ్ళూ మండుతున్నాయి.

ప్లాన్‌లోంచి కొండ రైలు తీసేశాను. ఆ హోటల్లో దిగినవాళ్ళు రాసినవన్నీ ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. టిఫిన్ బావుందన్నారు, లిఫ్ట్ ఇరుకన్నారు. కర్టెన్ల మాట ఒక్కరూ ఎత్తలేదు.