సీత కండ్లకు మస్కారా

మార్చి 22

కోపం. పొద్దటి సంది ఇదొక్కటే.

నిన్న ఊర్లె చిరుతల రామాయణం ప్రాక్టీసు, చేతుల చెక్క చిరుతలు కొట్టుకుంట ఆడే ఆట. ఆట నడిపించే బస్వరాజు అందరి ముంగట అన్నడు — "కాకా, నీ కండ్లు వెనకోళ్ళకు కనబడ్తలేవు. రెప్ప ఎంటికలు తెల్లగైనయి, ఉన్నయో లేవో తెలుస్తలేదు. సీతంటె కండ్లే గదా..."

నాకు మీసం రానప్పటి సంది సీత నేనే. అప్పటికి వాడు పుట్టలే.

కండ్లల్ల నీళ్ళొచ్చినయి. కోపమొస్తె నాకు గంతే, మాట రాదు, నీళ్ళొస్తయి. వాడు చూసి "అయ్యో కాకా, ఏడ్వకు" అన్నడు.

ఏడుస్తలేనురా.

మార్చి 23

ఎన్నడైనా కాటుకే పెట్టుకున్న. ఆముదం దీపం మసి. నా పెండ్లాం మల్లమ్మ పట్టి ఇచ్చేది. చలికాలంల కంటి ఆపరేషన్ అయింది. "కంట్ల కాటుక పెట్టుకున్నవంటె మల్ల నా దగ్గరికి రాకు" అన్నడు డాక్టరు.

శ్రీరామనవమి నాడు ఆట. అప్పటికి కండ్లు కనబడకుంటె సీత వేషం బస్వరాజు మేనల్లుడు కిరణ్‌కు. ఆ పిలగానికి రెప్పలు లేగదూడకు ఉన్నట్టు ఉంటయి. చూసిన. నిజమే.

అది నిజమని ఇంకింత కోపం.

మార్చి 24

కోడలు జ్యోతికి కొడుకు చెప్పినట్టుంది. బస్టాండు కాడ లేడీస్ దుకాణంల కొనుక్కొచ్చింది. చిన్న గొట్టాలు రెండు. మస్కారా అంట.

"మామా, ఇది కంట్ల పెట్టేది కాదు. రెప్ప ఎంటికలకే రాయాలె. ముందుగాల ఈ నల్ల రంగు. తడి ఆరకముందే ఈ రెండో దాంట్ల పోగులు అంటించాలె. మల్ల పైకెల్లి రంగు. ఎంటికలు పొడుగు కనబడ్తయి. డాక్టర్‌ను ఫోన్‌ల అడిగిన, లోపలికి పోకుంటె చాలన్నడు."

తల వంచుకొని తీసుకున్న. అంగి జేబుల ఏసుకున్న. మంచిదమ్మా అనాల్సి ఉండె. అనలే. సిగ్గు.

మార్చి 25

తలుపు గడియ పెట్టుకొని ఒక కంటికి రాసి చూసిన. పోగులంటె... పత్తి ఏరినంక చేతులకు అంటే నూగు లెక్కనే, నల్లగ. చెయ్యి జారి ముక్కు మీద గీత పడ్డది.

మల్లమ్మ తలుపు కొట్టింది.

"ఏం చేస్తున్నవ్ లోపల?"

"ఏం లే."

"ఏం లేకుంటె గడియ ఎందుకు?"

అంగి చేతితో తుడుచుకున్న. అంగి ఖరాబైంది.

ఆమె నా ఆట ఎన్నడూ చూడలే. పెండ్లైన కొత్తల ఆమె అన్నలు ఎక్కిరిచ్చిన్రు — చెల్లెకు మొగుణ్ణి తెచ్చినమా, సవతిని తెచ్చినమా అని. గప్పటి సంది రాదు. కాటుక మాత్రం అడగకముందే పట్టి పెడ్తది.

మార్చి 27

రాయబుద్ధైతలేదు. రాస్త.

నిన్న ప్రాక్టీసుకు పోయేముందు ఎప్పటి లెక్కనే రెప్పలకు ఆముదం రాసిన. ఆముదం రాయంది సీత వేషం ఎన్నడు కట్టలే. దాని మీద మస్కారా. దాని మీద పోగులు. అద్దంల మంచిగనే కనబడ్డది. జర గర్వం గూడ.

అశోకవనం మొదలైంది. హనుమంతుడు ఉంగరం ఇచ్చిండు. తల ఎత్తిన... పోగులన్ని జారినయి. కొన్ని చెంపల మీద, కొన్ని కంట్ల. మంట. కన్ను తెరవరాలే. చేతితో రుద్దిన. మొఖమంత నలుపు.

ఎవడో అన్నడు — "సీతమ్మ కాదురో, శూర్పణఖ!"

చిరుతలు ఆపి నవ్విన్రు. హనుమంతుడు గూడ. ఫోన్‌లు తీసిన్రు.

ఊరి సంది జహీరాబాద్ల మా ఇంటి దాక ఆటోల మొఖానికి తువ్వాల కప్పుకొనే వచ్చిన.

మార్చి 28

చాయ్ హోటల్‌ల ఒకడు, "రా సీతమ్మా, కూసో." తాగకుండనే వచ్చిన.

వీడియో ఇంత జల్ది తిరుగుతదా.

మార్చి 29

గొట్టాలు చెత్త బుట్టల ఏసిన. మల్లమ్మ ఏరింది. కడిగి తెచ్చి నా ముంగట పెట్టింది.

"ఆముదం రాసినవా?"

"రాసిన."

జ్యోతి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "నూనె మీద ఇది ఆగుతదా మామా? రెప్పలు పొడిగ ఉండాలె."

"నాకెవరు చెప్పిన్రు?" అన్న. గొంతు లేసింది. కోడలి మీద ఎన్నడు లేవలే. పాపం, ఆ పిల్లదేం తప్పు.

మల్లమ్మకు నాకంటె ఎక్కువ కోపం. "గడియ పెట్టుకున్నోనికి ఎవరు చెప్తరు? ఇన్నేండ్లు కాటుక ఎవరు పట్టిన్రు? నన్నడిగితె నోరు పడిపోతుండెనా?"

శెనగపిండితోని రెప్పలు కడిగించింది. తుడిచింది. జ్యోతి చెప్తుంటె ఆమె రాసింది. "పైకి చూడు. గంత బిగుసుకోకు, సూదేం గుచ్చుతలేను." ఆమె బొటనవేలు నా చెంప మీద. ఎంత గరుకో.

ఆగినయి పోగులు. అద్దం చూపెట్టింది. నాకు నేను యాదికొచ్చిన.

"కండ్లల్ల నీళ్ళు పెట్టుకోకు. పెట్టుకున్నవంటె అంత కారిపోతది."

మార్చి 30

ఉగాది. మనుమరాలు నా రెప్పలు పట్టి గుంజింది. కోపం రాలే.

ఏప్రిల్ 1

మల్ల ప్రాక్టీసు. మల్లమ్మ రెప్పలకు రాసి పంపింది.

పోంగనే బస్వరాజు — "మల్ల పూసుకొచ్చినవా కాకా? రంగేస్తె ముసలోడు పడుసోడైతడా?" అందరు నవ్విన్రు. నాకు నీళ్ళు తన్నుకొస్తున్నయి. మల్లమ్మ మాట యాదికొచ్చింది. కండ్లకెల్లి పోనియ్యొద్దు. ఇగ కోపం ఎటు పోవాలె?

నోట్లకెల్లి వచ్చింది.

"నవ్వుడు ఆపుండ్రి."

నా గొంతేనా అనుకున్న. ఆపిన్రు.

"అశోకవనం చేస్త. అయినంక మాట్లాడు."

చేసిన. ఎవ్వరు నవ్వలే. చివర్ల కూసున్న కిరణ్ లేచి నిలబడి చూసిండు. బస్వరాజు మెడ రుద్దుకున్నడు.

"మంచిగుంది కాకా. కాని... మావానికి సీత బట్టలు కుట్టించినం."

"అయితె?"

"నవమి నాడు ఇద్దరు తయారై రాండ్రి. ఆడనే చూద్దాం."

ఆడ ఏం చూస్తవురా. గిప్పుడు చూసినవు గదా.

ఏప్రిల్ 4

ఆకలైతలేదు. చిరుతలు పట్టుకుంటె విసిరికొట్టబుద్ధైతుంది. చూద్దాం అంట. చూద్దాం.

ఏప్రిల్ 6

నవమి. పొద్దు వాలింది. మల్లమ్మ రాసింది, రెండు కండ్లకు. జ్యోతిని చెయ్యి పెట్టనియ్యలే. సంచిల సీర, సవరం, గాజులు.

సీత ఎవరో ఇంక తెల్వదు. వాళ్ళు కాదంటె గిట్లనే వాపస్ రావాలె, గీ కండ్లతోని, ఆటోల అందరి ముంగట. తల్సుకుంటె ఒళ్ళు మండుతుంది.

ఆటో వచ్చింది. హారన్ కొడుతున్నడు.

మల్లమ్మ పట్టు సీర కట్టుకున్నది. చెప్పులేసుకొని గడప కాడ నిలబడ్డది.

"నువ్వెటు?"

"వాడేమంటడో నేను గూడ వింట. నడువ్."

ఇన్నేండ్లల్ల ఎన్నడు రాంది...

కండ్లు తడైతున్నయి. ఇది కోపం కాదు.

ఇగ రాయ. తల వంచితె కారుతయి.