టన్ను దాటితే లారీ

థార్ప్‌బెక్, లింకన్‌షైర్
1986 మార్చి 3

పాత సైనిక వాహనాల సంఘం ట్రక్కుల కార్యదర్శి గారికి,

నేను ఇదివరకు ఏ సంఘానికీ ఉత్తరం రాయలేదు. తప్పులుంటే మన్నించండి.

మా ఎర్నీ మామయ్య పోయిన శీతకాలంలో చనిపోతూ తన పాత సైన్యం ట్రక్కును నాకు వదిలి వెళ్ళాడు. దాని పక్క గోడ కోసి కిటికీ పెట్టి, లోపల పొయ్యి బిగించి, పశువుల సంత రోజున టీ, బేకన్ బన్నులు అమ్మేవాడు. ఇప్పుడు నేను అమ్ముతున్నాను. మనుషులతో మాట్లాడటం నాకు పెద్దగా రాదు. కిటికీ వెనక నుంచైతే ఫర్వాలేదు.

మే నెల నుంచి సంత చౌకులో చారిత్రక వాహనాలు తప్ప మరేవీ నిలపకూడదని మా ఊరి పాలక సంఘం కొత్త నియమం పెట్టింది. మీ ధ్రువపత్రం ఉంటే నా చోటు నాకుంటుంది. లేకపోతే నన్ను ఎరువుల గోదాము వెనక్కి పంపుతారు. ఆ వాసనలో టీ ఎవరు తాగుతారండీ?

మీ విధేయురాలు,
బెర్నడెట్ డౌస్

తా.క.: సైన్యం వాళ్ళు దాన్ని ఏమని పిలిచేవారో తెలీదు. మామయ్య మాత్రం "ముసల్ది" అనేవాడు. అలా పిలిస్తేనే స్టార్ట్ అవుతుంది.


మార్చి 7

కుమారి డౌస్ గారికి,

మీరు రెండో పేరాలోనే "ట్రక్కు" అనేశారు. తొందరపడ్డారు. బ్రిటిష్ సైన్యంలో టన్ను దాకా మోసేది ట్రక్కు. టన్ను దాటితే లారీ. ట్రక్కులు నా శాఖ. లారీలకు వేరే కార్యదర్శి ఉన్నారు. ఆవిడకూ నాకూ ప్రస్తుతం మాటల్లేవు.

తేలేదాకా నేను దాన్ని ట్రక్కనీ అనను, లారీ అనీ అనను. అసలు ఏ పేరూ పెట్టను. కాబట్టి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీయించి పంపండి. ఏ ముసుగూ ఉండకూడదు. ఖాళీగా ఉన్నప్పటి బరువు, పుట్టిన సంవత్సరం, తర్వాత చేయించిన మార్పులు దాచకుండా రాయండి.

భవదీయుడు,
మేజర్ లయొనెల్ స్పింక్ (విశ్రాంత)

తా.క. (వేరే చేతిరాత): అమ్మాయీ, ఆ వేరే కార్యదర్శిని నేనే. ఆయన భార్యని. ఉత్తరాలు పోస్టు చేసేది నేనే కాబట్టి చదువుతాను. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది లారీ. — ఎనిడ్ స్పింక్


మార్చి 12

గౌరవనీయులైన మేజర్ గారికి,

ఫోటోలు జతపరిచాను. ముసుగు వద్దన్నారని తలకు కట్టుకున్న స్కార్ఫ్ తీసేశాను. పుట్టిన సంవత్సరం 1961. బరువు ఖాళీ కడుపుతో తొమ్మిది స్టోన్ల లోపే, అంటే యాభై ఏడు కిలోలు కూడా ఉండను. మార్పులు రెండు: పన్నెండో ఏట పళ్ళకు తీగ వేయించారు, నిరుడు జుట్టు కత్తిరించుకున్నాను.

ధ్రువపత్రానికి ఇవన్నీ ఎందుకో నాకు అర్థం కాలేదు. కానీ "అడిగినదానికి జవాబు చెప్పు, ఎందుకని అడగకు" అని మా కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు.

మీ విధేయురాలు,
బెర్నడెట్ డౌస్

తా.క.: పక్క ఫోటోలో ముక్కు కొంచెం పెద్దగా వచ్చింది. అది ఎండ వల్ల.


మార్చి 17

కుమారి డౌస్ గారికి,

ఫోటోలు అందాయి. మీరు బాగానే ఉన్నారు. నేనడిగింది దానివి.

మీవల్ల నా నియమం సడలించుకోవలసి వచ్చింది. ఇకమీదట దాన్ని "బండి" అంటాను. అంతకన్నా దిగను.

ఇప్పుడు సరిగా వినండి. సన్నరకం ఉప్పు కాగితం నీళ్ళలో తడిపి, బానెట్ పక్కన మెల్లగా రుద్దండి. ఒక్కో రంగూ ఒక్కో పొరగా ఊడుతుంది. అన్నిటికన్నా అడుగున సైన్యం ఆకుపచ్చ, దాని మీద తెల్లటి అంకెలు, వాటి ముందు ఒక అక్షరం కనబడతాయి. Z అయితే ట్రక్కు. L అయితే ఆ విషయం నాకు రాయనక్కర్లేదు.

మరొకటి. 1945 తర్వాత దాని మీదికి ఎక్కినదంతా కల్తీయే. ఎప్పటికైనా దించవలసిందే.

భవదీయుడు,
లయొనెల్ స్పింక్

తా.క. (వేరే చేతిరాత): ఆ కోటు ఎక్కడ కొన్నావమ్మా? నీ ఫోటో మా పొయ్యి గట్టు మీద పెట్టాను. మాకు మాటలెందుకు ఆగాయో నీకు చెప్పాలి. ఆయన ప్రాణంగా చూసుకునే సొంత బండి టన్నున్నర మోస్తుంది. "మా రెజిమెంటులో దాన్ని ట్రక్కనేవాళ్ళం" అంటాడు. నేను పోయిన ఈస్టర్‌కి రిజిస్టరులో లారీ అని రాశాను. అప్పటి నుంచి వెన్న కావాలంటే కుక్కతో చెబుతాడు. "పికిల్, ఆవిణ్ణి వెన్న ఇటు జరపమను." ఏడాదిగా ఇదే వరస. కుక్క లావెక్కింది.
ఇంకో మాట. బానెట్ ఒక్కటే రుద్ది ఊరుకోకు. వెనక తలుపు కూడా రుద్దు.


మార్చి 29

గౌరవనీయులైన మేజర్ గారికీ, శ్రీమతి స్పింక్ గారికీ,

రుద్దాను. ముందు మామయ్య వేసిన మీగడ రంగు పోయింది. దాని కింద ఎర్రరంగులో ఎవరిదో రొట్టెల దుకాణం పేరు. దాని కింద నీలం. ఆ కింద ఆకుపచ్చ. బానెట్ మీద అంకెల ముందు Z స్పష్టంగా ఉంది.

నాకు ఎంత సంతోషమైందంటే బండి చుట్టూ ఒకసారి పరిగెత్తాను. ఎవరూ చూడలేదు.

తర్వాత వెనక తలుపు రుద్దాను. అక్కడ L ఉంది. అంకెలు కూడా వేరు.

చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. రెండు రోజులు ఆలోచించాను. కానీ అబద్ధపు ధ్రువపత్రం పెట్టుకుని టీ కాస్తే అది మరగదనిపించింది. ఇప్పుడు నా చోటు పోయినట్టేనా?

మీ విధేయురాలు,
బెర్నడెట్ డౌస్

తా.క.: 1945 తర్వాత ఎక్కినదంతా దించాలన్నారు. నేను 1961లో పుట్టాను. నేను కూడా కింద నిలబడే అమ్మాలా?


ఏప్రిల్ 2

కుమారి డౌస్ గారికి,

అసాధ్యం. ఒక బండికి రెండు పుట్టుకలుండవు. గురువారం స్వయంగా వచ్చి చూస్తాను. ఆ కార్యదర్శి కూడా వస్తున్నట్టు కుక్క ద్వారా తెలిసింది. మేము వేర్వేరు కార్లలో వస్తాం.

లయొనెల్ స్పింక్

తా.క. (వేరే చేతిరాత): కుక్క ఆయన కార్లో వస్తుంది. నా కార్లో కేకు వస్తుంది. కుక్క అప్పుడే పునరాలోచనలో పడింది.


ఏప్రిల్ 12

గౌరవనీయులైన మీ ఇద్దరికీ,

గురువారం మీరు ఫలితం చెప్పకుండానే వెళ్ళిపోయారు. నాకు నిద్ర పట్టడం లేదు.

నేను చూసింది ఇంతే. మేజర్ గారు ముందు నుంచి బండి కిందికి దూరారు. శ్రీమతి స్పింక్ గారు వెనక నుంచి దూరారు. బయటికి రెండు జతల బూట్లు కనబడ్డాయి. కాసేపటికి అవీ లోపలికి వెళ్ళిపోయాయి. నేను టీ పెట్టి పిలిచాను. టీ చల్లారింది, మళ్ళీ పెట్టాను.

అప్పుడు మధ్యలో నుంచి మేజర్ గారి గొంతు, "ఎనిడ్, ఆ టార్చి ఇటు పట్టు" అని వినబడింది. టార్చి వెలుగు కాసేపు అటూ ఇటూ ఊగింది. "ఎటు?" అని శ్రీమతి స్పింక్ గారు. తర్వాత ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినకూడదని అవతలికి వెళ్ళాను. పైకి వచ్చాక మీ ఇద్దరి ముక్కులకూ గ్రీజు అంటుకుని ఉంది. చెబుదామనుకున్నాను, ధైర్యం చాలలేదు.

ఊళ్ళో పెద్దలు చౌకులో కొత్త నియమం రాసిన బోర్డు పాతారు. దాని గుంజ సరిగ్గా నా కిటికీ ముందే ఉంది. దయచేసి ఏదో ఒకటి చెప్పండి. కాదన్నా సరే.

మీ విధేయురాలు,
బెర్నడెట్ డౌస్

తా.క.: పికిల్ తిన్న బన్నులకు బాధపడకండి. చివరిదానికి తనే మొహమాటపడింది.


ఏప్రిల్ 20

ప్రియమైన బెర్నడెట్‌కు,

ఆలస్యానికి క్షమించు. ఈ ఉత్తరం మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాం. ప్రతి కామా దగ్గరా వాదన జరుగుతోంది.

నీ బండి ముందు సగం ట్రక్కు. వెనక సగం లారీ. మీ మామయ్య రెండు పాడైపోయిన బండ్లను అడ్డంగా కోసి, బాగున్న సగాలు రెండూ కలిపాడు. ఆ అతుకు కనిపెట్టడానికి మా ఇద్దరి కళ్ళూ కావలసి వచ్చాయి. ఇంత శుభ్రమైన అతుకు నేను సైన్యంలో కూడా చూడలేదు. (ఈ వాక్యం లయొనెల్‌ది. నేను ఒప్పుకుంటున్నాను. — ఎనిడ్)

నియమం ప్రకారం ట్రక్కుల శాఖ దీనికి ధ్రువపత్రం ఇవ్వకూడదు. లారీల శాఖా ఇవ్వకూడదు. కానీ మా సంఘం పెట్టిన కొత్తలో "తేలనివి" అని ఒక మూడో శాఖ రాసుకున్నాం. తేలలేదని ఎవరూ ఒప్పుకోకపోవడం వల్ల దానికి ఇంతవరకూ కార్యదర్శి లేరు.

నిన్న మా వంటింట్లో అత్యవసర సమావేశం జరిగింది. హాజరైనవారు ఇద్దరు సభ్యులు, ఒక కుక్క. తేలనివాటి శాఖకు కార్యదర్శిగా నిన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. సంఘం ముద్ర, ఖాళీ ధ్రువపత్రం జతపరిచాం. నీ బండికి నువ్వే సంతకం చేసుకో. నీ మాట మీద మాకు నమ్మకం ఉంది. ఆ L గురించి నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు.

కిటికీ, పొయ్యి అలాగే ఉంచు. నువ్వు కూడా దిగనక్కర్లేదు.

ప్రేమతో,
లయొనెల్, ఎనిడ్ స్పింక్

తా.క. (ఎనిడ్ చేతిరాత): కార్యదర్శిగా నీ మొదటి దరఖాస్తు కూడా వచ్చేసింది. ఆయన టన్నున్నర బండిని మా రెండు శాఖల నుంచీ తీసి నీకు బదిలీ చేశాం. తీర్పు నీదే. ఆయన ఫోటోలు తీయించుకుంటున్నాడు, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.

మరో తా.క. (మేజర్ చేతిరాత, చాలా చిన్నగా): తొందరేమీ లేదమ్మా. ఎన్నేళ్ళయినా తీసుకో. అది తేలనంత కాలం వెన్న నేరుగా నా చేతికే వస్తుంది.