బతికే ఉన్నారన్న కాగితం

అక్కా,

నీ ముందు నిలబడి చెప్పే మొహం లేక రాస్తున్నాను. మొత్తం చదివాక తిట్టు.

ఇల్లు మళ్లీ రిజిస్టర్ చెయ్యాలి. ఈసారి నువ్వూ సంతకం పెట్టాలి. ఇల్లు అమ్మమని నాన్న నాకు రాసిచ్చిన పవరు ఆయన ప్రాణంతోపాటే పోయిందట. నేను చేసిన రిజిస్ట్రేషన్ చెల్లదని లాయరు తేల్చేశాడు. నువ్వు రానంటే ఆ ఇల్లు కొనుక్కున్న టైలరుది కాదు. పాపం, అతనికేమీ తెలీదు, కిటికీలకి కర్టెన్లు కుట్టుకుంటున్నాడు. నాన్న పోయారని తెలిసి నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

ఆ రోజు నాన్న పోయారని ఆసుపత్రి నుంచి నువ్వు ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేశాను. దుఃఖం వల్ల అనుకున్నావు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. అప్పుడు నేను రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో ఉన్నాను. లోపల మా పేర్లు పిలుస్తున్నారు. టైలరు పెళ్లాం పిల్లలతో, కొత్త బట్టలేసుకుని నిలబడ్డాడు.

పవరు ఇచ్చినాయన బతికే ఉన్నారని అక్కడ ఒక కాగితం రాసివ్వాలి. గుమాస్తా దాన్ని నా ముందుకి జరుపుతూ, "పెద్దాయన ఎలా ఉన్నారు బాబూ?" అన్నాడు.

"కులాసాగానే ఉన్నారండీ," అని సంతకం పెట్టాను.

నీ ఏడుపు అప్పటికింకా నా చెవిలోనే ఉంది.

నీ తమ్ముడు