సుత్తి నా దగ్గరే ఉంది

నాన్నా, సుత్తి కోసం పనిపెట్టె అంతా తిరగెయ్యకు, నేనే తీసుకెళ్తున్నాను. జిగురు డబ్బాకి మూత పెట్టాను, నువ్వెప్పుడూ మర్చిపోతావు.

ఈ సాయంత్రం లైబ్రరీలో పిల్లలకీ పెద్దలకీ కథ చెప్పేది నేనే. చలిదేశాల పాత కథ. ఉరుముల దేవుడు థోర్ నిద్ర లేచేసరికి అతని సుత్తి ఉండదు. ఎత్తుకుపోయిన రాక్షసుడు పెళ్లికూతుర్ని పంపిస్తేనే ఇస్తానంటాడు. అంత గడ్డమున్న దేవుడూ ముసుగేసుకుని పెళ్లికూతురై వెళ్తాడు.

నిన్న అక్కకి చెప్పి చూశాను. "దేవుడి సుత్తి పోయింది" అనగానే, "పోతే పోయింది, నీ సుత్తి ఆపవే తల్లీ" అంది. ఏడుపొచ్చి, ఆ మాట కొట్టేసి 'ఆయుధం' అని రాసుకున్నాను. చదివితే కథ చప్పగా ఉంది. మళ్లీ సుత్తే పెట్టాను. నవ్వితే నవ్వనీ.

పని అయిపోతే నువ్వూ రా. ముందు కూర్చోకు, నిన్ను చూస్తే కథ మర్చిపోతాను. తలుపు దగ్గర నిలబడు, చాలు.

వద్దులే, ముందే కూర్చో. విందులో పెళ్లికూతురు ఎద్దునంతా ఒక్కతే తినేసే చోట గట్టిగా నవ్వు. నువ్వు మొదలుపెడితే ఇంకెవరూ ఆగలేరు, నాతో సహా.