అట్టడుగు వరుసలో పేరు

జూన్ 14

చిరంజీవి అబ్బాయికి,

నేను క్షేమమే. నిన్న చేసిన తప్పు చెప్పుకుందామని రాస్తున్నాను.

మీ అక్కతో సంగీతోత్సవానికి వెళ్లి, కుర్చీ దొరికిందని చిన్న వేదిక ముందు కూర్చున్నాను. వాయించేది పోస్టరులో అట్టడుగున, చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న బృందం. పాట బాగుండి లేవలేకపోయాను.

పక్కావిడ, "డ్రమ్ములు వాయించేది మా మనవరాలేనండీ. మీ ఇంట్లో ఎవరైనా వాయిస్తారా?" అంది.

"లేరండీ" అనేశాను.

పోయినేడు నీ కూతురు ఇలాగే చివరి వరుసలో తన బృందం పేరు చూపిస్తే, "భూతద్దం తెచ్చుకోనా?" అని వెక్కిరించి, కచేరీకి వెళ్లలేదు. అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది. కోడలికి ఆశీస్సులు.

చేయవలసినవి:

1. మీ ఇంట్లో నేను అటకెక్కించిన దాని డ్రమ్ములు దించి తుడిపించు.
2. ఈ కార్డు దానికి పూర్తిగా చదివి వినిపించు. నా అబద్ధం దాటేయకు.
3. అది మళ్లీ వాయించే కచేరీకి నేను రావచ్చేమో దాన్నే అడుగు. వద్దంటే, ఆ మాటే రాయి.