పుల్ల నిలవని పెట్టె

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీ పాత మోటారు స్టార్టరు డబ్బాను నారు దీపాలు వెలిగించే పెట్టెగా మార్చాను. నవ్వకు. ఎండకు కొదవలేని మన కంబదూరులో టమోటా నారుకు గదిలో దీపాలేమిటి అంటావు. బయట పెడితే ఆ ఎండకే మొలకలు మాడిపోతున్నాయి మరి.

కరెంటు పోతే విడిపోయి, పచ్చ బటన్ నొక్కితేనే మళ్లీ కలిసే కాంటాక్టరు, ఎర్ర బటన్, పచ్చ బటన్ అన్నీ నీవే. వైరింగు మాత్రం నాది. ప్రతి వైరూ లాగి చూశాను, ఒక్కటీ వదులు లేదు.

పక్కింటి ఓబులేసు వచ్చి చూశాడు. "కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నువ్వే నొక్కల్లంటే యాడైతాదక్కా? పచ్చ బటన్ పైకి లేయకుండా పుల్ల గుచ్చు. దానంతటదే వెలుగుతాది" అన్నాడు.

ఊళ్లో బోరు మోటార్లన్నిటికీ అదే అలవాటు కదా. పోయినేడాది ఒకరి చేలో నువ్వు మోటారు కేబులు అతుకుతుంటే కరెంటు వచ్చింది. ఆ పుల్ల తీయడం ఆ రైతు మరిచిపోయాడు.

"దీంట్లో పుల్ల పట్టే సందు పెట్టలేదప్పా" అన్నాను. పచ్చ బటన్‌ను రేకు లోపలికి దించి బిగించాను. వేలు పడుతుంది, పుల్ల నిలవదు.

సాయంత్రం కరెంటు లేనప్పుడు నాలుగో దీపానికి వైరు కలుపుతున్నాను. వైరు చేతిలో ఉండగానే కరెంటు వచ్చింది. వసారాలో ఫ్యాను తిరిగింది. దీపాలు వెలగలేదు. మిగిలిన స్క్రూ బిగించి, చేతులు తుడుచుకుని వెళ్లి, పచ్చ బటన్ నేనే నొక్కాను.