కాంటెస్సా హెడ్

సారపాక,
జూన్ 4

ప్రియమైన మురళీకి,

వందనాలు. నీ అంబాసిడర్ ఇంజన్ విప్పాను. ఇంజన్ పైమూత, అదే సిలిండర్ హెడ్, పగిలింది. వెంట్రుకంత పగులే, అయినా నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి. అతుకు వేస్తే నెల కూడా ఆగదు. పాత కాంటెస్సా కారులో ఉన్నదీ ఇదే ఇంజన్. దాని హెడ్ ఒకటి విజయవాడలో వెతికించి బస్సు పార్సిల్లో పంపు.

ఇంకో మాట. సైలెన్సర్ ముందు పొగను శుభ్రం చేసే కన్వర్టర్ డబ్బా ఉంది కదా, అదీ తీసేద్దాం. ఇంజన్‌కు ఊపిరాడటం లేదు.

భద్రాచలం జయప్రకాశ్ దగ్గర మూడు పాత జీపులున్నాయి. "మురళి సార్ బండి ఎట్ల నడుస్తదో చూసినంక నా జీపులు రిపేరుకు పంపిస్త" అన్నాడు. అవి రాకపోతే షెడ్డు మూయడమే. కిరాయికి ఇచ్చేయమని మా ఆవిడ విశ్రాంతమ్మ రోజూ పోరుతోంది.

ఫోన్ చేయకు. షెడ్డులో సిగ్నల్ లేదు. పార్సిల్లోనే ఉత్తరం పెట్టు.

నీ యోనా


పెనుబల్లి,
జూన్ 12

ఒరేయ్ యోనా మేస్త్రీ,

హెడ్ దొరికింది. గోనెసంచిలో కట్టి బస్సెక్కిస్తుంటే కండక్టర్ "ఏంది సార్ గిది, గింత బరువుంది?" అని ఒకటే అనుమానం.

సిగ్నల్ లేదంటావేంటి? మొన్న బండి దించడానికొచ్చిన మా అమ్మాయి మనోజ్ఞ నీ షెడ్డులో నిలబడే నాకు వీడియో కాల్ చేసింది. సరేలే, ముసలితనంలో ఉత్తరాల సరదా పుట్టిందనుకుంటాను.

కన్వర్టర్ సంగతే మింగుడు పడటం లేదు. ఎవరు తీయమన్నా "మీ వెనకొచ్చేటోళ్లు మనుషులు కారా?" అని తిట్టి పంపేవాడివి. రేపు పొల్యూషన్ సర్టిఫికెట్ ఎవడిస్తాడు? చెప్పేది నువ్వు కాబట్టి ఒప్పుకుంటున్నాను. నచ్చి కాదు.

ఇట్లు,
నీ మురళీకృష్ణ


సారపాక,
జూన్ 25

ప్రియమైన మురళీకి,

హెడ్ బిగించాను. కాస్త వంగి ఉంటే లేత్ షాపులో చెక్కించి చదును చేశాను. డబ్బా తీసేసి ఉత్త పైపు వేశాను. బండి గట్టిగా పలుకుతోంది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఎన్నాళ్లకో ఒక ఇంజన్ నాతో మాట్లాడింది. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి తీసుకుపో.

నీ యోనా


పెనుబల్లి,
జూలై 1

యోనా,

బండి ఇల్లు చేరింది, కానీ మనసు బాగాలేదు.

పాల్వంచ దాటి అడవిలో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్లో బాణలిలో శనగలు వేయించినట్టు ఒకటే చిటపటలు. మా ఆవిడ నిర్మల దారంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే కూర్చుంది. వెనకొచ్చే ఆటోవాడు పక్కకొచ్చి "ఏంది సార్ గీ కంపు?" అని అరిచి పోయాడు.

ఆ చిటపటల నాకింగ్ నీ షెడ్డు గేటు దగ్గర కదిలించగానే మొదలైంది. నువ్వేమో నవ్వుతూ చెయ్యూపుతున్నావు. వీధి మలుపులో బండి వస్తుంటేనే ఏ వాల్వు వదులైందో చెప్పినవాడివి! ఆ రోజు నేనేం అడిగినా జవాబు చెప్పింది విశ్రాంతమ్మే. ఇంటికొచ్చాక అన్నీ కలుపుకుంటే భయం వేసింది.

బండి చూడటానికి వస్తానన్న జయప్రకాశ్‌ను వారం ఆగమన్నాను. నిజం చెప్పరా.

మురళి


సారపాక,
జూలై 5

ప్రియమైన మురళీకి,

నాకు వినపడటం లేదు. కుడి చెవి మూడేళ్ల కిందే పోయింది. ఎడమది ఈ ఎండాకాలంలో పోయింది. దవాఖానాలో మిషన్ ఇచ్చారు. దానితో ఎదురుగా కూర్చున్న మనిషి మాట కొంచెం తెలుస్తుంది. ఇంజన్ దగ్గర మాత్రం అంతా గోలే. చెవిటి మెకానిక్‌కు బండి ఎవరిస్తారు? అందుకే ఫోన్ వద్దన్నాను.

కన్వర్టర్ తీసింది నీ బండి కోసం కాదు. అది లేకపోతే చప్పుడు పెరిగి నాకు కాస్తయినా వినపడుతుందని ఆశపడ్డాను. చప్పుడు వినపడింది. చెక్కిన హెడ్‌కు నిప్పురవ్వ పడే టైమింగ్ తగ్గించాలి, ఎంత తగ్గించాలో చెప్పేది ఆ నాకింగే. అది నాకు వినపడలేదు. నా చెవి కోసం నీ బండి పాడుచేశాను, దారిన పోయేవాళ్ల మీద పొగ వదిలాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

డబ్బా భద్రంగానే ఉంది. ఇంకెవరి చేతనైనా బిగించుకో. జయప్రకాశ్‌కు నిజం చెప్పేయి. షెడ్డు కిరాయికి ఇద్దామని విశ్రాంతమ్మతో అన్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఏడ్చింది.

యోనా


పెనుబల్లి,
జూలై 9

ప్రియమైన యోనా,

నీ ఉత్తరం నిర్మలకు కూడా చదివి వినిపించాను. తర్వాత నాకు కోపం వచ్చింది. బండి పాడైనందుకు కాదు. బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాడి దగ్గర మూడేళ్లు దాచావు.

మంగళవారం బండి తెస్తున్నాను. ముందు ఆ డబ్బా బిగించు. తర్వాత ఇద్దరం ఎత్తు మీదికి తీసుకెళదాం. చిటపటలు వస్తే నేను చెయ్యెత్తుతాను. బండి ఆపి నువ్వు టైమింగ్ తిప్పు. అవి ఆగేదాకా ఎన్నిసార్లయినా ఎక్కుదాం.

జయప్రకాశ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. "ముందుగాలనే చెప్తే అయిపోతుండె గద" అని విసుక్కున్నాడు. కాసేపటికి "మొదలు ఒక్క జీపే పంపిస్త. మా డ్రైవర్ గూడ ఆడనే ఉంటడు. వాడు వింటడు, యోనా తిప్పుతడు. మంచిగైతే మిగిలినయ్ చూద్దాం" అన్నాడు. అంతకన్నా మాట ఇవ్వలేదు. ఆ జీపూ మంగళవారమే వస్తుంది. షెడ్డు ఎవరికీ ఇవ్వకు.

నిన్ను తిట్టాలని ఉంది, కానీ నోటితో తిడితే నీకు సగం కూడా అందవు. అందుకని తిట్లన్నీ వేరే కాగితాల మీద రాసి తెస్తున్నాను. ఇప్పటికి నాలుగు పేజీలయ్యాయి.

నీ మురళి